చెఱకు తోటల దీవికి పోవువారికి

క్రొత్త దేశమునకు పోవువాడు అచ్చట అన్నియు వింతగానే యుండునని తలచి జాగ్రత్తపడును. తన దేశమును పోలిన తావునకు పోవువాడు ఆ జాగ్రత్తను ఇంటిలోనే విడిచిపోవును. మారిషస్ ద్వీపమునకు ప్రయాణము కట్టు తెలుగువారికి ఎదురగు చిక్కు ఇదియే. అచ్చట చెఱకు తోటలును, మామిడి చెట్లును, దేవాలయ గోపురములును కన్నులకు పరిచితములు. చెల్లుబడి యగు నాణెము పేరు సైతము రూపాయియే. కాని ఋతువు వేరు, సముద్రము వేరు, నోటిమాట వేరు. ఈ మూడింటిని ముందుగా గ్రహించినవారికి ఆ దీవి చక్కగా తెలియవచ్చును.

మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖకు దక్షిణముగా 20వ అక్షాంశమున మారిషస్ ఉన్నది. ముఖ్యద్వీపము వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ముంబయి నుండి నేరుగా పోవు విమానము సుమారు ఆరు గంటలలో చేరును. అచ్చటి గడియారము మన గడియారము కంటె గంటన్నర వెనుక నడచును.

ఋతువుల మాట మొదట చెప్పవలెను. దక్షిణార్ధగోళము కావున మనకు వేసవి యైనపుడు వారికి చలికాలము ప్రవేశించును. మన సంక్రాంతి నాటికి వారికి నడివేసవి. నవంబరు మొదలు ఏప్రిల్ వఱకు తుపానుల కాలము. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కరోల్ తుపాను వేలకొలది ఇండ్లను నేలమట్టము చేసినది. కావున సంక్రాంతి సెలవుల కంటె వేసవి సెలవులలోని మే నెలయు, దసరా సెలవులును ఉపాధ్యాయులకు అనుకూలములు. తుపాను కాలమున పోక తప్పనిచో ప్రతిదినము రేడియో హెచ్చరికలను వినుచు, హెచ్చరిక పెరిగినపుడు బస విడిచి కదలకుండుట మేలు. మఱొక విశేషము కలదు. తీరమున పోర్ట్ లూయీ నగరము ఎండలో మాడుచున్న వేళనే, మెట్టమీది క్యూర్పీప్ పట్టణమున చిఱుజల్లు పడుచుండవచ్చును. ఒక గొడుగును, ఒక ఉన్నిచొక్కాను వెంట నుంచుకొనవలెను.

భారతీయులు విహారయాత్రకు పోవునపుడు ముందుగా వీసా పొంద నక్కఱలేదు. కాని తిరుగు ప్రయాణపు టిక్కెట్టును, బస వివరములను, ఖర్చులకు తగిన ధనము కలదను ఆధారమును చూపవలసి యుండును. ఇట్టి నిబంధనలు మాఱుచుండును గనుక బయలుదేరుటకు ముందు మఱల విచారించుట మంచిది. బంధువుల కొఱకు మామిడిపండ్లను, మొక్కలను, విత్తనములను మూటగట్టుకొని పోరాదు. వ్యవసాయమే ప్రధానముగా బ్రతికిన చిన్న దీవికి ఒక క్రొత్త చీడ ప్రవేశించుట పెద్ద ఆపద. వారి రూపాయి వేరు, మన రూపాయి వేరు. పేరు ఒకటియే యని లెక్కలో మోసపోరాదు.

బండ్లు మనవలెనే ఎడమప్రక్క నడచును. బస్సులు దీవి నలుమూలలకును పోవును. అయితే చాలా పల్లెలకు అవి చీకటిపడుటతోనే నిలిచిపోవును గనుక తిరుగు ప్రయాణము సంగతి ఉదయమే విచారించుకొనవలెను. 1964లో పాత రైలుమార్గము మూతపడిన తరువాత, మఱల 2019 డిసెంబరులో పట్టాలపై మెట్రో నడువ మొదలిడినది. నేడు అది పోర్ట్ లూయీ నుండి క్యూర్పీప్ వఱకు పోవును.

ఇక సముద్రము. దీవి చుట్టును చాలామేర పగడపు దిబ్బలు గోడవలె నిలిచి అలల నాపుచున్నవి. దిబ్బకు లోపలి నీరు చెఱువువలె నిశ్చలము. కాని దక్షిణ తీరమున గ్రీగ్రీ వద్ద ఆ గోడ తెగినది. అచ్చట అలలు నేరుగా బండలను మోదును. అచ్చట చూచి ఆనందింపవలెనే గాని నీట దిగరాదు. నిశ్చలమైన నీటిలోను రబ్బరు చెప్పులు లేక నడువరాదు. రాతిని పోలిన విషపు చేప అడుగున దాగి యుండును. పగడములను త్రొక్కుటయు, విఱుచుటయు, తెచ్చుకొనుటయు కూడని పనులు. 2020 జూలైలో వకాషియో అను ఓడ ఆగ్నేయ తీరపు దిబ్బపై కెక్కి, పిమ్మట సుమారు వేయి టన్నుల నూనె నీటిపాలైనది. అపుడు జనులు చెఱకు ఆకులను సంచులలో కూరి, తేలు కట్టలుగా చేసి నూనెను అడ్డగింప ప్రయత్నించిరి. సముద్రము వారి కెంత ప్రియమో ఇందువలన తెలియును.

శాకాహారులకు కొఱత లేదు. సెనగపప్పు పిండి కూరిన పలుచని దాల్ పూరీలను వీధి ప్రక్కనే అమ్ముదురు. మన మసాలా వడను పోలిన మిరప వడలును లభించును. అయినను కూరలో చేప గాని మాంసము గాని కలిసినదేమో అడిగి తినుట మేలు.

విద్యార్థులు చూడదగిన స్థలములు రెండున్నవి. పాంప్లెమూస్ వనమున పెద్ద పళ్లెములవంటి ఆకులు గల కలువలును, మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న శ్రీతాళ వృక్షములును కలవు. ఈ వృక్షము అనేక దశాబ్దములు పెరిగి, ఒకేసారి పూచి మరణించును. రెండవది పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 1834 మొదలు తోటపనికి ఒడంబడికపై వచ్చిన లక్షలాది భారతీయులు ఈ రాతిమెట్లు ఎక్కియే దీవిలో అడుగిడిరి.

వారిలో తెలుగువారును కలరు. కాకినాడకు సమీపమునందలి కోరంగి రేవు పేరున వారిని అచ్చటివారు కోరంగీలని పిలిచిరి. దిగినవారి కెల్ల ఒక సంఖ్య నిచ్చి, గుమాస్తా చెవికి వినబడినట్లు పేరు వ్రాసిరి. ఆ పేళ్లే పెక్కుమంది మనుమలకు ఇంటిపేళ్లయినవి. అసలు ఇంటిపేరును, కొందఱికి ఊరిపేరును ఆ మెట్లమీదనే జారిపోయినవి. ఆ నాటి పట్టికలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. వానిలో తమ ముత్తాతల ఊరిని వెదకికొనువారు నేటికిని కలరు.

ఇచ్చటనే యాత్రికునకు అన్నిటికంటె ముఖ్యమైన హితవు. ఆ దీవిలో ఇంటిలోను వీధిలోను పలుకునది క్రియోల్. పత్రికలలో ఎక్కువగా కనబడునది ఫ్రెంచి. పాఠశాలలలో బోధన ఇంగ్లీషున జరుగును. ఉగాది అచ్చట సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు, రామభజనయు నేటికిని సాగుచున్నవి. పాఠశాలలలో తెలుగు నేర్పుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. అయినను అనేక యువకుల నోట తెలుగు తడబడును. ఆ తడబాటును చూచి నవ్వుటగాని, భాష మఱచితిరే యని జాలిపడుటగాని అవివేకము. మీ స్వగ్రామ మేదియని మొదటి మాటలోనే అడుగుటయు తగదు. సమాధానము లేని ప్రశ్న అడుగబడినవాని మనస్సును నొప్పించును. వారు మన పోగొట్టుకొన్న చుట్టములు కారు, తమ దేశమును తామే నిర్మించుకొన్న పౌరులు. మన యొద్ద చదువును, గ్రంథములును, పాలకుల ఆదరమును ఉండియు తెలుగు నోట నిలుచుట కష్టమగుచున్న కాలమిది. ఏ ఆదరమును లేని తోటకూలీలు నాలుగైదు తరముల వఱకు అప్పన్న పేరును, ఉగాది పచ్చడిని విడువకుండుటయే గొప్ప.

కావున పోవువారు తమ పెట్టెలో రెండు తెలుగు బాలల పుస్తకముల నుంచుకొనుట మంచిది. అచ్చటి తెలుగు ఉపాధ్యాయునకు అంతకంటె ఉపయోగకరమైన కానుక వేఱొకటి యుండదు.