క్రాష్ సింబల్‌ని ఊగనివ్వండి

భద్రాచలంలో రాముడి భజన చేసేవాళ్ల చేతుల్లో తాళాలు గమనించండి. తాడు మాత్రమే వేళ్లకు చుట్టుకుంటారు. అరచెయ్యి కంచుకు తగిలిందా, మోత అక్కడే ఆగిపోతుంది. ఈ సంగతి ఇక్కడ పిల్లలకూ తెలుసు. గోదావరి వంతెన దాటి సారపాక వచ్చేసరికి, డ్రమ్స్ ముందు కూర్చున్న కుర్రాళ్లు మాత్రం, స్టాండు మీది లోహపు పళ్లెం, అదే క్రాష్ సింబల్ దగ్గర, ఆ సంగతి మరిచిపోతున్నారు.

అపోహ: స్టాండు మీద నట్టు గట్టిగా బిగిస్తే క్రాష్ భద్రంగా ఉంటుంది.

వాస్తవం: త్వరగా పగిలేది అలా బిగించినదే. కర్ర తగలగానే సింబల్ ఊగాలి. ఊగే వీలు లేకపోతే దెబ్బ బలమంతా లోహమే భరించాలి. అంచున సన్నటి బీట అలాగే మొదలవుతుంది. ఫెల్టు, బెజ్జంలో ప్లాస్టిక్ గొట్టం లేకుండా అసలు వాయించకండి. మరలున్న ఇనుప కడ్డీ రాసుకుని బెజ్జాన్ని తినేస్తుంది.

అపోహ: మందంగా, బరువుగా ఉన్నదే మంచి క్రాష్.

వాస్తవం: గట్టిగా బాదితే బరువైనది పెద్దగా మోగుతుంది, నిజమే. కానీ క్రాష్ పని వేరు. చరణం ముగిసి పల్లవి అందుకునేచోట ఒక్కసారి భళ్లున విచ్చుకుని, పాడేవాళ్ల గొంతుకు దారి ఇచ్చి తప్పుకోవాలి. పలచటిది చిన్న దెబ్బకే వంగుతుంది కాబట్టి వెంటనే పలుకుతుంది, త్వరగా అణుగుతుంది. మందమైనది ఆలస్యంగా విచ్చుకుని, హెచ్చు శ్రుతిలో చాలాసేపు మోగుతూ తర్వాతి మాటల్ని కప్పేస్తుంది. పైగా పలకడం లేదని దాన్ని ఇంకా బలంగా బాదుతాం. 16 అంగుళాల పలచటి క్రాష్‌ను కర్ర మెడతో, అంచు మీద ఏటవాలుగా తాకి చూడండి. ముందు టక్కుమన్న చప్పుడు, రెప్పపాటులో దాని వెనకే ఝుమ్మంటూ మెరుపు. ఆ మెరుపు దెబ్బతోపాటే పుట్టదు. కంపనాలు లోహమంతా పాకి, ఒకదాన్నొకటి కలుపుకుని, లెక్కలేనన్ని హెచ్చు స్వరాలుగా చెదిరాక పుడుతుంది. క్రాష్ మీద నా ఇష్టమంతా ఆ రెప్పపాటులోనే ఉంది.

అపోహ: పచ్చగా మెరిస్తే చాలు, లోహం ఏదైనా ఒకటే.

వాస్తవం: ఇంట్లో ఇత్తడి చెంబునూ, తాతల నాటి కంచు కంచాన్నీ వేలితో మీటి చూడండి, తేడా చెవికే తెలుస్తుంది. చవక సెట్లతో వచ్చేవి ఎక్కువగా ఇత్తడివి. మంచి సింబళ్లు కంచువి: 92 పాళ్ల రాగికి 8 పాళ్ల తగరం ఒక రకం, 80కి 20 ఇంకో రకం. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన జిల్జియన్ సంస్థకు పేరు తెచ్చింది రెండోదే. దాని గుణం విచిత్రం. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పెళుసెక్కుతుంది. తగరం ఎక్కువున్న కంచు మాత్రం అలా ముంచితేనే పెళుసుతనం తగ్గి సుత్తి దెబ్బకు ఓర్చుకుంటుంది.

అపోహ: బీటవారితే పారేయాల్సిందే.

వాస్తవం: బీట చివర చిన్న రంధ్రం వేయిస్తే పాకడం చాలావరకు ఆగుతుంది. మోత కొంత మారినా రిహార్సల్‌కు పనికొస్తుంది.

అపోహ: చింతపండుతో తోమితే మోత పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పీచుతో రుద్దితే పైనున్న సన్నటి గాడులు అరిగిపోతాయి, కంపెనీ ముద్ర చెరిగిపోతుంది. వాయించడం అయ్యాక చేతి చెమటను మెత్తటి బట్టతో తుడిస్తే చాలు.