మీకు తెలుసా? కొండటీ రుచుల తేడా
కోయంబత్తూరు–పొల్లాచ్చి దారిలోని కినత్తుకడవు తెలుగు కుటుంబాలున్న పాత ఊరు. దీనికి వాయవ్యాన నీలగిరులు, దక్షిణాన వాల్పారై: రెండూ తేయాకు కొండలే.

టీ అంగట్లో గాజుగ్లాసులో పడే చిక్కటి టీ చాలావరకు సీటీసీ పొడిది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, గుళికలు చేస్తారు. ఎన్ని పాలు పోసినా దాని ఘాటు చావదు. 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టిన పద్ధతి ఇది. ఆర్థోడాక్స్ రకంలో ఆకును చుట్టి ఆరబెడతారు. దాన్ని పాలల్లో మరిగించడం, నన్నడిగితే, దండగ. మంచి నీలగిరి డికాషన్ చల్లారినా అంతగా మసకబారదు, అందుకే ఐస్‌ టీకి దానికి పేరు. డిసెంబరు, జనవరి మంచుకాలపు ఆకు సువాసనే వేరు.

ఇంట్లో పోల్చి చూడాలంటే, 100 మి.లీ. మరిగిన నీటికి 2 గ్రాముల పొడి వేసి, 6 నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. రుచి చూసేవాళ్లు అంతర్జాతీయంగా పాటించే కొలత ఇదే. చక్కెర వద్దు. జుర్రుమని శబ్దం చేస్తూ తాగితే వాసన ముక్కుకు బాగా అందుతుంది, పెద్దవాళ్లు కసిరినా సరే!

అల్లం టీ అయితే అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగించాకే పాలు పోయండి. పచ్చి అల్లంలోని ఎంజైమ్ పాలను విరగ్గొడుతుంది.