సమ్మె కట్టిన కాలేజీ

శాన్‌ఫ్రాన్సిస్కోకి నైరుతి మూలన, మెర్సిడ్ సరస్సుకీ 19వ అవెన్యూకీ మధ్య 140 ఎకరాల పైచిలుకు స్థలంలో ఉంది శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీ. పసిఫిక్ సముద్రం దగ్గరే కాబట్టి నడివేసవిలో కూడా ఇక్కడ పొగమంచు కమ్ముకుంటుంది, పిల్లలు స్వెట్టర్లు వేసుకునే క్లాసులకు వెళ్తుంటారు. అటు బర్క్‌లీకీ, ఇటు స్టాన్‌ఫర్డ్‌కీ ఉన్నంత పేరు దీనికి లేదు. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లు కూడా ఆ రెండు పేర్లే కలవరిస్తారు. అయితే ఆ రెండింటికీ దక్కని ఘనత ఒకటి దీనికుంది. దేశంలో మొట్టమొదటి బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్ 1966లో పుట్టింది ఇక్కడే. ఆ సంఘం పట్టుబట్టి సాధించిన కాలేజీ ఇప్పటికీ ఇక్కడ నడుస్తోంది.

హాలోవే అవెన్యూ మూలన ట్రాము దిగి లోపలికి నడిస్తే పెద్ద పచ్చిక మైదానం వస్తుంది. దాని పక్కన కాంక్రీటు పిరమిడ్లు రెండు ఒరిగి నిలబడినట్టుంటాయి. వాటిలో ఒకదాని మీద మెట్లు కూడా ఉన్నాయి. మొదటిసారి చూసేవాళ్లు అదేమిటని ఆగిపోతారు. అది సీజర్ చావెజ్ స్టూడెంట్ సెంటర్. 1975లో పాఫర్డ్ కీటింగ్ క్లే అనే వాస్తుశిల్పి కట్టాడు. నిజానికి విద్యార్థులు ముందు ఎంచుకున్నది మరొకరిని. మాంట్రియల్‌లో ‘హాబిటాట్ 67’ కట్టి అప్పటికే పేరు తెచ్చుకున్న మోషే సాఫ్డీ గీసిన నమూనా వాళ్లకు నచ్చింది. 1968లో కాలేజీల ట్రస్టీలు దాన్ని తిరస్కరించారు. విద్యార్థుల భవనం ఎలా ఉండాలో విద్యార్థులు చెప్పినా చెల్లలేదు. కొద్ది వారాల తర్వాత సమ్మెగా రాజుకున్న మంటకి ఇది అసలు కారణం కాదుగానీ, అప్పటి గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సెంటర్ గోడ మీద నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ చిత్రం ఉంది. ఇప్పుడు మనం చూసేది 1996 నాటిది. అంతకు రెండేళ్ల ముందు వేసిన మొదటి చిత్రంలో యూదుల నక్షత్రాన్నీ డాలరు గుర్తులనూ పక్కపక్కన పెట్టారు. అది యూదులను అవమానించడమేనని గొడవ పెద్దదైంది. చివరికి యాజమాన్యం పోలీసు కాపలా పెట్టి ఆ బొమ్మను గోడ మీంచి తీయించేసింది. తర్వాత వచ్చిన ఈ చిత్రం మాత్రం నిలిచింది. ఒక సంఘం ఆత్మగౌరవం ఇంకో సంఘానికి గాయమయ్యే సందర్భాలు ఈ క్యాంపస్ చరిత్రలో లేకపోలేదు. వాటిని దాచిపెట్టి కథ చెప్పడం సబబు కాదు.

1899లో టీచర్ల శిక్షణ పాఠశాలగా మొదలైన ఈ సంస్థ 1950లలో ఇప్పటి స్థలానికి వచ్చింది. 1960ల్లో ఇక్కడి నల్లజాతి విద్యార్థులకు నీగ్రో స్టూడెంట్స్ అసోసియేషన్ అనే చిన్న సంఘం ఉండేది. దక్షిణాది పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసి వచ్చిన జిమ్మీ గారెట్, అతనితోపాటు జెర్రీ వర్నాడో వంటివాళ్లు 1966లో దాన్ని బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్‌గా మార్చారు. సమ్మె ఫొటోలు చూసి ఈ సంఘం పిడికిళ్లతోనే మొదలైందని అనుకుంటాం. కానీ మొదలైంది పలకా బలపాలతో. నగరంలోని ఫిల్‌మోర్ వంటి నల్లజాతి పేటల్లో పిల్లలకు చదువు చెప్పే ట్యుటోరియల్ కార్యక్రమంలో సభ్యులు పనిచేశారు. విద్యార్థులే పాఠ్యాంశాలు తయారుచేసుకుని నడిపే ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీ అప్పటికే క్యాంపస్‌లో ఉండేది. నల్లజాతి చరిత్ర, సాహిత్యం మీద తరగతులు అక్కడే పెట్టుకున్నారు. 1967లో కవి, నాటకకర్త అమీరి బరాకాను రప్పించి నాటకాలు ఆడించారు. సోనియా శాంచెజ్ వంటి కవయిత్రి పాఠం చెప్పింది. తర్వాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న నటుడు డానీ గ్లోవర్ ఈ సంఘం సభ్యుడే. అడగడానికి ముందే వాళ్లు పని మొదలుపెట్టేశారు. నన్నడిగితే ఈ సంఘం అసలు బలం అదే.

మరి గొడవ ఎక్కడొచ్చింది? 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకు ఒక బృహత్ ప్రణాళిక వేసుకుంది. దాని ప్రకారం హైస్కూలు నుంచి వచ్చేవాళ్లలో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతావాళ్లకు జూనియర్ కాలేజీలు. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పేద పేటల బడుల్లో చదివిన పిల్లలు ఆ జల్లెడలో నిలవలేకపోయారు. ఆ దశకంలో నగరంలో నల్లజాతివాళ్లు పెరుగుతుంటే, నగరం పేరు పెట్టుకున్న కాలేజీలో వాళ్ల శాతం పడిపోయింది. చదువు మానేసినవాడికి వియత్నాం యుద్ధానికి పిలుపు వచ్చే రోజులవి. కాబట్టి సీటు అనేది ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

1967 నవంబరులో సంఘం సభ్యులు కొందరు క్యాంపస్ పత్రిక ఆఫీసులోకి దూరి సంపాదకుణ్ణి కొట్టారు. పత్రిక తమను కించపరుస్తోందన్నది వాళ్ల ఫిర్యాదు. ఎంత ఫిర్యాదున్నా అది మచ్చే. మరుసటి ఫిబ్రవరిలో బ్లాక్ స్టడీస్ కార్యక్రమం రూపొందించడానికి నేథన్ హేర్ అనే సామాజిక శాస్త్రవేత్తను కాలేజీ నియమించింది. ఆయన ప్రణాళిక రాసిచ్చారు, అది కాగితం మీదే ఉండిపోయింది. ఇంగ్లిషు పాఠాలు చెప్పే జార్జ్ మేసన్ మర్రీ, బ్లాక్ పాంథర్ పార్టీలో విద్యామంత్రి కూడా. విద్యార్థులు ఆత్మరక్షణకు తుపాకులు దగ్గర పెట్టుకోవాలని మాట్లాడారన్న ఆరోపణ మీద ఆయన్ను 1968 నవంబరు 1న సస్పెండ్ చేశారు. నవంబరు 6న సమ్మె మొదలైంది. బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్ డిమాండ్లు 10. లాటిన్ అమెరికన్, ఫిలిప్పినో, చైనీస్ తదితర విద్యార్థి సంఘాలతో కలిసి ఏర్పడిన థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ డిమాండ్లు మరో 5. మొత్తం 15లో ఒక్కటి తగ్గినా ఒప్పుకోమని కూర్చున్నారు.

నెల తిరక్కముందే కాలేజీ అధ్యక్షుడు రాజీనామా చేశారు. ఆ స్థానంలోకి వచ్చిన ఎస్.ఐ. హయకావా కెనడాలో పుట్టిన జపనీస్ సంతతి భాషావేత్త, తలమీద ఎప్పుడూ ఉన్ని టోపీ. డిసెంబరు 2న ఆయన విద్యార్థుల మైకు వ్యాను మీదికి ఎక్కి తీగలు పీకేశారు. ఆ దృశ్యం టీవీల్లో చూసి దేశంలో సగంమంది చప్పట్లు కొట్టారు, సగంమంది తిట్టుకున్నారు. ఆ చప్పట్ల చలవతోనే 1976లో ఆయన సెనేటర్‌గా గెలిచారు. క్యాంపస్‌లో మాత్రం రోజూ లాఠీలే. జనవరిలో అధ్యాపకుల సంఘం కూడా సమ్మెలోకి దిగింది. జనవరి 23న మైదానంలో సభ పెడితే పోలీసులు చుట్టుముట్టి ఒక్క రోజే 400 మందికి పైగా అరెస్టు చేశారు. సమ్మెకారుల తరఫున కోర్టుల్లో వాదించినవాళ్లలో ఇదే కాలేజీ పూర్వ విద్యార్థి, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో మేయరైన విల్లీ బ్రౌన్ ఉన్నారు.

1969 మార్చి మూడో వారంలో రాజీ కుదిరేసరికి నాలుగున్నర నెలలయింది. అమెరికాలో అంత సుదీర్ఘంగా సాగిన క్యాంపస్ సమ్మె మరొకటి లేదంటారు. డిమాండ్లన్నీ నెరవేరలేదు. హేర్ ఉద్యోగం కొనసాగలేదు, సస్పెండైన మర్రీని మళ్లీ తీసుకోలేదు. హేర్ అదే ఏడాది రాబర్ట్ క్రిస్‌మన్‌తో కలిసి ‘ద బ్లాక్ స్కాలర్’ పత్రిక మొదలుపెట్టారు. కొందరు విద్యార్థులు జైలు శిక్షలు అనుభవించారు. ఎవరు కోరారో వాళ్లు ఫలితం చూడకుండానే బయటికి నడిచారు. అయితే ఆ శరదృతువులోనే స్కూల్ ఆఫ్ ఎత్నిక్ స్టడీస్ తలుపులు తెరిచింది. నల్లజాతి, ఆసియన్ అమెరికన్, లాటిన్ మూలాలవారు, అమెరికా మూలవాసులు అని నాలుగు వర్గాల చరిత్రకూ నాలుగు విభాగాలు. దేశంలో అలాంటిది అదే మొదటిది. కాలిఫోర్నియాలోనే రెండో ఎత్నిక్ స్టడీస్ కాలేజీ లాస్ ఏంజెలిస్‌లో ఏర్పడటానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇక్కడే ఈ కథ మన ఇళ్లలోకి వస్తుంది. 2020లో కాలిఫోర్నియా శాసనసభ ఏబీ 1460 అనే చట్టం చేసింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో దేనిలో డిగ్రీ పుచ్చుకోవాలన్నా మూడు యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి పూర్తిచేయాలి. 2021-22లో చేరినవాళ్ల నుంచి ఇది వర్తిస్తుంది. బిల్లు పెట్టిన షర్లీ వెబర్ శాన్‌డియాగో స్టేట్‌లో దశాబ్దాలపాటు ఆఫ్రికానా స్టడీస్ బోధించిన ప్రొఫెసర్. అంటే శాన్‌హోసే స్టేట్‌లోనో హేవర్డ్‌లోని ఈస్ట్ బేలోనో డిగ్రీ చదివే తెలుగు పిల్లలు కూడా ఇందులో ఏదో ఒక క్లాసులో కూర్చోవాల్సిందే. ఆసియన్ అమెరికన్ స్టడీస్ తీసుకుంటే తమ అమ్మానాన్నల వలస కూడా ఎంతోకొంత చదువుకుంటారు. ఆ క్లాసు కోసం మొదట దెబ్బలు తిన్నది ఫిల్‌మోర్ పిల్లలకు పాఠాలు చెప్పిన నల్లజాతి కుర్రాళ్లని ఎంతమందికి తెలుసో!

స్కూల్‌గా మొదలై తర్వాత కాలేజీ అయిన ఎత్నిక్ స్టడీస్ విభాగాలు ఇప్పుడు క్యాంపస్‌లోని ఎత్నిక్ స్టడీస్ అండ్ సైకాలజీ భవనంలో ఉన్నాయి. బ్లాక్ స్టడీస్ ఇప్పుడు ఆఫ్రికానా స్టడీస్ అయింది. బ్లాక్ యూనిటీ సెంటర్ పేరుతో నల్లజాతి విద్యార్థులు కూర్చుని చదువుకునే, సలహాలు పొందే చోటు కూడా ఉంది. 2018లో సమ్మెకు యాభై ఏళ్లు నిండినప్పుడు, ఒకనాడు సమ్మెకారులను పోలీసులకు అప్పగించిన యూనివర్సిటీయే వేడుకలు జరిపింది. బడ్జెట్ లోటు, తగ్గిన ప్రవేశాలు ఇప్పుడు ఈ క్యాంపస్‌ను పీడిస్తున్నాయి. అయినా డిపార్ట్‌మెంట్లు నడుస్తున్నాయి.

నగరం నడిబొడ్డు నుంచి మ్యూనీ ‘ఎమ్’ ట్రాము ఎక్కితే నేరుగా క్యాంపస్ గుమ్మం ముందు దిగొచ్చు. బార్ట్ రైల్లో వచ్చేవాళ్లు డేలీ సిటీ స్టేషన్‌లో దిగితే యూనివర్సిటీ షటిల్ ఉంటుంది. మైదానం, పిరమిడ్లు, మాల్కం ఎక్స్ చిత్రం అన్నీ నడకదూరంలోనే. జాకెట్ మాత్రం మర్చిపోకండి. సమ్మె నాటి కరపత్రాలు, ఫొటోలు జె. పాల్ లియొనార్డ్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అప్పటి టీవీ వార్తల దృశ్యాలను లైబ్రరీలోని బే ఏరియా టెలివిజన్ ఆర్కైవ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. పిల్లల్ని స్టేట్ క్యాంపస్‌లలో చేర్చినవాళ్లు, వాళ్ల ఎత్నిక్ స్టడీస్ క్లాసు మొదలయ్యేలోపు ఒక గంట కూర్చుని వాళ్లతో కలిసి చూడండి.