అమ్మ మరుపు బిడ్డకూ వస్తుందా?

కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అని తల్లి అడిగిందంటే ఆ కూతురికి రెండు దిగుళ్లు మొదలవుతాయి. ఒకటి అమ్మ గురించి. రెండోది పైకి చెప్పుకోలేనిది: రేపు నా గతీ ఇంతేనా? దీనికి జవాబు చెప్పేముందు వైద్యులు అడగాల్సిన మాట ఒకటుంది. అమ్మకు ఏ వయసులో మొదలైంది? డెబ్బై అయిదు దాటాక వచ్చిన డిమెన్షియా వేరు, యాభై నిండకుండా వచ్చింది వేరు.

నడివయసులోనే తరతరాన్నీ పట్టి పీడించే అల్జీమర్స్ రకం ఎలా ఉంటుందో కొలంబియాలోని ఆంటియోకియా కొండప్రాంతం చూపిస్తుంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో నలభై నాలుగేళ్లు వచ్చేసరికి జ్ఞాపకం జారిపోవడం మొదలై, నలభై తొమ్మిదికల్లా మతి పూర్తిగా తప్పేది. శాపమని కొందరు, ఏదో చెట్టును తాకడం వల్లనని కొందరు చెప్పుకునేవారు. మెడెలిన్ నగరానికి చెందిన నాడీవైద్యుడు ఫ్రాన్సిస్కో లోపెరా 1980లలో ఈ రోగులను చూసి ఊరుకోలేదు. ఊరూరా తిరిగి, చర్చిల్లోని జనన మరణ పుస్తకాలు తిరగేసి వంశవృక్షాలు గీయించారు. వేర్వేరు ఊళ్ల కుటుంబాలు వెనక్కి వెళ్లేకొద్దీ ఒకే మూలానికి చేరాయి. సుమారు ఆరువేల మంది ఉన్న ఆ బంధువర్గంలో దాదాపు 1,200 మంది ఈ జబ్బు తెచ్చే జన్యులోపాన్ని మోస్తున్నారు.

ఆ లోపం 1995లో దొరికింది. 14వ క్రోమోజోమ్‌పై ప్రెసెనిలిన్-1 అనే జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రొటీన్‌లో 280వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట అలనిన్ చేరింది, అంతే. మెదడులో ఒక పెద్ద ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌లో ప్రెసెనిలిన్-1 ఒక భాగం. కోత తేడాగా పడితే, తేలిగ్గా పేరుకుపోయే అమిలాయిడ్ ముక్కలు ఎక్కువగా పుడతాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఈ లోపం వచ్చినా చాలు. మేనరికంతో దీనికి పనిలేదు. ప్రతి కాన్పులోనూ బొమ్మా బొరుసా వేసినట్టే, బిడ్డకు సగానికి సగం అవకాశం.

ఇంత నిక్కచ్చిగా వచ్చే జబ్బు కూడా ఒకావిడ దగ్గర ఆగింది. ఆ కుటుంబాల్లోని ఒక స్త్రీకి ఈ లోపం ఉంది, మెదడు నిండా అమిలాయిడ్ కూడా ఉంది. అయినా డెబ్బై దాటేదాకా ఆమె జ్ఞాపకం నిలిచింది. 2019లో శాస్త్రవేత్తలు కారణం చెప్పారు. ఏపీఓఈ అనే మరో జన్యువులో 'క్రైస్ట్‌చర్చ్' అనే అరుదైన మార్పు ఆమెకు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది. అది ఒకే ప్రతిగా ఉన్న 27 మందిలోనూ జబ్బు అయిదేళ్లదాకా ఆలస్యమైందని 2024లో తేలింది. కొత్త మందుల కోసం వెతికేవాళ్లకు ఇంతకన్నా విలువైన ఆచూకీ మరొకటి లేదని నా అభిప్రాయం.

ప్రెసెనిలిన్-1తో పాటు ప్రెసెనిలిన్-2, ఏపీపీ జన్యువుల్లోని లోపాల వల్ల కూడా ఈ జబ్బు ఇలా వస్తుంది. మూడూ కలిపినా అల్జీమర్స్ రోగుల్లో నూటికి ఒకరు కూడా ఉండరు. హంటింగ్టన్ వ్యాధి, ప్రవర్తన ముందుగా దెబ్బతినే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాలో కొన్ని రకాలు కూడా ఇదే పద్ధతిలో సంక్రమిస్తాయి.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ముసలితనంలో వచ్చే అల్జీమర్స్. అక్కడ సంక్రమించేది జబ్బు కాదు, జబ్బు వైపు మొగ్గు. ఏపీఓఈ జన్యువులో నాలుగో రకం ఒక ప్రతి ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు, రెండు ప్రతులుంటే ఎనిమిది రెట్లకు పైగా పెరుగుతుందని ఐరోపా సంతతివాళ్లలో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ రకం ఉండి కూడా తొంభై ఏళ్లు చక్కటి జ్ఞాపకంతో బతికినవాళ్లున్నారు. అది లేకుండానే జబ్బు పడ్డవాళ్లూ ఉన్నారు. తక్కిన బరువు జీవితానిది. బీపీ, షుగర్, చెవుడు, పొగ, చదువు లేకపోవడం, ఒంటరితనం వంటి 14 కారణాలను అదుపు చేయగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన కమిషన్ 2024లో లెక్కగట్టింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో మరో సంగతి చెప్పింది: ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ కలగలిపి బేరమాడే మన బజార్లలో దొరికిన ఈ రక్షణ గురించి ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

మరి జన్యుపరీక్ష చేయించుకోవాలా? ఇంట్లో ఒకరికి డెబ్బై దాటాక వచ్చిందంటే దాని అవసరం దాదాపుగా ఉండదు. రెండు మూడు తరాల్లో అరవై అయిదు లోపే వస్తుంటే మాత్రం నాడీవైద్యుణ్ణి, జన్యు సలహాదారుణ్ణి కలిసి మాట్లాడాలి. ఫలితం తెలిశాక దాన్ని మరిచిపోవడం కుదరదు గనుక పరీక్షకన్నా ముందే మాట్లాడాలి. కొలంబియాలో 2013లో మొదలైన క్రెనెజుమాబ్ మందు పరీక్షలో ఫలితం ఎవరిపైనా రుద్దకుండా జాగ్రత్త తీసుకున్నారు. పాల్గొన్న 252 మందిలో జన్యులోపం లేనివాళ్లనూ చేర్చుకుని, వాళ్లకు మందు లేని ఇంజక్షనే ఇచ్చారు. తమకు జన్యులోపం ఉందో లేదో తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు కూడా అలా పాల్గొనగలిగారు. ఆ మందు గట్టిగా పనిచేయలేదని 2022లో తేలింది. అవే కుటుంబాలు ఇప్పటికీ పరిశోధనల్లో పాల్గొంటున్నాయి.