పరీక్ష దేశానిది.. లైసెన్సు రాష్ట్రానిది!

మా ఆయనకి కాలిఫోర్నియాలో ఉద్యోగం ఖాయమైందని తెలియగానే ఫోన్ చేసిన వాళ్లందరూ అడిగింది ఒక్కటే.. 'ఫ్రీమాంట్‌లో అద్దెలు ఎలా ఉన్నాయి?' అని. నా బుర్రలో తిరుగుతున్నది మాత్రం వేరే. నేను నర్సుని. డాలస్‌లో ఏడేళ్లుగా ఆర్‌ఎన్‌గా చేస్తున్నా. రాష్ట్రం దాటితే నా లైసెన్సు పరిస్థితేంటి?

'అదీ అమెరికానే కదమ్మా, మళ్లీ లైసెన్సేంటి?' అంది అత్తయ్య. న్యాయమైన ప్రశ్నే. నర్సులు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష దేశమంతటికీ ఒకటే. ఒక్కసారి పాసైతే మళ్లీ రాయక్కర్లేదు. కానీ లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నర్సింగ్ బోర్డు. మన దగ్గర స్టేట్ నర్సింగ్ కౌన్సిళ్లు ఉన్నట్టే అనుకోండి.

ఈ గోల తగ్గించడానికే 2000లో 'నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్' అనే ఒప్పందం మొదలైంది. 2018లో దాన్ని కొత్త నిబంధనలతో మార్చారు. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలు ఇందులో ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినా, వర్జీనియా అన్నీ ఉన్నాయి. వీటిలో ఒకచోట మల్టీస్టేట్ లైసెన్సు ఉంటే మిగతా కాంపాక్ట్ రాష్ట్రాల్లోనూ పనిచేయొచ్చు. లేనివాటిలో కొన్ని ఏవయ్యా అంటే.. కాలిఫోర్నియా, ఇల్లినాయీ, మిషిగన్, న్యూయార్క్. మన అదృష్టం చూడండి, ఇవీ తెలుగువాళ్లు నిండా ఉన్న చోట్లే!

ఇందులో ఇంకో మెలిక ఉంది. మల్టీస్టేట్ లైసెన్సు మీరు కాపురం ఉండే రాష్ట్రానికి కట్టుబడి ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, ట్యాక్సు కాగితాల మీద ఏ అడ్రసు ఉందో అదే లెక్క. ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి మారితే 60 రోజుల్లోపు కొత్తచోట అప్లై చేయాలి. 2024 జనవరి నుంచి ఈ గడువు పెట్టారు. కాంపాక్ట్‌లో లేని చోటికి వెళ్తే మాత్రం పాత లైసెన్సు ఆ పాత రాష్ట్రానికే పరిమితమైపోతుంది. అంటే నేను ఫ్రీమాంట్‌లో దిగిన రోజు నుంచి నా టెక్సాస్ లైసెన్సు టెక్సాస్‌లోనే చెల్లుతుంది.

మరి అంత కష్టపడి ఎందుకంటారా? మా ఆయన ఉద్యోగం ఒక్కటే కాదు. ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు ఉండాలో కాలిఫోర్నియాలో చట్టమే చెబుతుంది. 2004 నుంచి అమల్లో ఉంది. ఐసీయూలో ఇద్దరికి మించకూడదు, మెడికల్ సర్జికల్ వార్డులో ఐదుగురికి మించకూడదు. నైట్ షిఫ్ట్‌లో కాళ్లు పీక్కుపోయిన వాళ్లకి ఈ అంకెల విలువ ఏంటో నేను చెప్పక్కర్లేదు.

అందుకే డాలస్‌లో ఉండగానే 'ఎండార్స్‌మెంట్'కి అప్లై చేశా. వేరే రాష్ట్రం లైసెన్సు చూసి, పరీక్ష లేకుండా కొత్త లైసెన్సు ఇవ్వడాన్ని అలా అంటారు. టెక్సాస్ లైసెన్సు నిజమైనదేనని చెప్పే వెరిఫికేషన్ 'నర్సిస్' అనే సైట్ ద్వారా వెళ్తుంది, దానికి 30 డాలర్లు. వేలిముద్రలు కాలిఫోర్నియాలో ఉంటే లైవ్ స్కాన్‌లో ఇస్తారు. నేను డాలస్‌లో ఉన్నా కాబట్టి కార్డు మీద ఇంకు ముద్రలేయించి పంపా. ఇవన్నీ రెండు సాయంత్రాల పని.

అసలు కథ ఖమ్మంలో మొదలైంది.

బయటి దేశంలో చదివిన వాళ్లయితే ట్రాన్స్‌క్రిప్టులు, ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు థియరీ, ఎన్ని గంటలు క్లినికల్ అనే లెక్క మళ్లీ పంపాలి. మెడికల్ సర్జికల్, పీడియాట్రిక్స్, ప్రసూతి, సైకియాట్రీ, వృద్ధుల సంరక్షణ.. దేనికది విడిగా. పాఠం, దాని క్లినికల్ ఒకే కాలంలో జరిగాయా అన్నదీ చూస్తారు. ఫారం కాలేజీ వాళ్లే నింపి, వాళ్లే నేరుగా బోర్డుకి పంపాలి. మనం పంపితే చెల్లదు. ఏడేళ్ల అమెరికా అనుభవం ఉన్నా సరే, 2012లో ఏ వార్డులో ఎన్ని గంటలు నిలబడ్డానో చెప్పాల్సిందే.

నేను బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది ఉమ్మడి రాష్ట్రంలో. అప్పుడు మా కాలేజీ విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కాలేజీలు వరంగల్ కాళోజీ యూనివర్సిటీ కిందికి వెళ్లాయి. అంటే కాలేజీ తెలంగాణలో, నా మార్కులు ఆంధ్రాలో. పైగా 2022లో విజయవాడ యూనివర్సిటీకి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే తెచ్చారు. ఇవన్నీ ఒకే యూనివర్సిటీ అని కవరింగ్ లెటర్లో రాయించాల్సొచ్చింది. నేను గడప దాటకుండానే ఒకసారి రాష్ట్రం మారిపోయానని అప్పుడే అర్థమైంది.

తిరిగింది మా తమ్ముడు. మొదటిసారి వెళ్తే 'క్లర్కు సెలవులో ఉన్నాడు' అన్నారట. రెండోసారి 'పాత రిజిస్టర్లు స్టోర్ రూంలో ఉన్నాయి, వెతకాలి'. మూడోసారి నింపిచ్చారు గానీ క్లినికల్ గంటల కాలమ్ ఖాళీగా వదిలేశారు. 'అక్కా, నీ కన్నా నేనే ఎక్కువసార్లు పోయినట్టున్న ఆ కాలేజీకి' అన్నాడు. చివరికి నాకు పాఠం చెప్పిన మేడమ్ రిటైరై అదే ఊళ్లో ఉన్నారని తెలిసి, ఆమెనే బతిమాలాం. ఆవిడ పక్కన కూర్చుని గంటలన్నీ లెక్క కట్టించారు. ఆ ఒక్క ఫారానికే పదకొండు వారాలు!

ఈలోపు మా ఆయన జాయినింగ్ డేట్ వచ్చేసింది. 'అందరం కలిసే వెళ్దాం, లైసెన్సు అదే వస్తుంది' అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఫ్రీమాంట్ అద్దె, జీతం లేని నేను, బడికెళ్లే పాప.. లెక్క కుదరలేదు. ఆయన ముందు వెళ్లి ఇద్దరు ఫ్రెండ్స్‌తో రూమ్ షేర్ చేసుకున్నాడు. నేనూ పాపా నాలుగు నెలలు డాలస్‌లోనే ఉన్నాం. 'మొగుడొక చోట, పెళ్లామొక చోట ఏంటి?' అని చుట్టాలు అన్నారు. అనుకోనీ. లైసెన్సు నంబరు సైట్‌లో కనబడ్డాకే ట్రక్కు బుక్ చేశా.

మీరూ మారే ఆలోచనలో ఉంటే, ఇల్లు వెతికే ముందే కొత్త రాష్ట్రం బోర్డు సైట్ చూడండి. ఇక్కడ చదివిన వాళ్లకి ఉన్నంత సులువు మనకి ఉండదు. కాలేజీ నింపిన ఫారం స్కాన్ కాపీ ఒకటి కాలేజీలో, ఒకటి మీ మెయిల్‌లో ఉండేలా చూసుకోండి. మళ్లీ అవసరమైతే స్టోర్ రూం తాళం తీయించక్కర్లేదు.

టెక్సాస్ లైసెన్సు మాత్రం నేను వదలట్లేదు. రెండేళ్లకోసారి ఫీజు కట్టి రెన్యూ చేస్తా. ఈయన కంపెనీ రేపు ఎటు పంపుతుందో ఎవరికి తెలుసు? మొన్న మాటల్లో మిషిగన్ పేరెత్తితే తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.