పిలిస్తే పలకని పిల్లవాడు

మొఘల్‌పురాలోని మా మక్తబ్‌లో కొన్నేళ్ల క్రితం ఆరేళ్ల బాలుడొకడు చేరాడు. పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తేవాడు కాదు. మైకులో అజాన్ మొదలుకాగానే రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగేవాడు. ఖుర్ఆన్ పెట్టుకునే రెహాల్‌లను వరుసగా పేర్చేవాడు, ఎవరైనా ఒకటి కదిపితే గుక్కపట్టి ఏడ్చేవాడు. రెండుసార్లు విన్న సూరాను తప్పు లేకుండా అప్పజెప్పగల ఆ పిల్లవాడికి, దాహం వేస్తే నీళ్లు అడగడం మాత్రం తెలియదు.

దానిని మేము మొండితనమనుకున్నాము. దండించాము కూడా. ఈ మాట దాచదలచుకోలేదు. పాతికేళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నామన్న ధీమాయే మా కళ్లకు అడ్డుపడింది.

ఒకనాడు తల్లి వచ్చి తలుపు వద్దే నిలబడింది. “హజ్రత్, గర్భంతో ఉన్నప్పుడు నేను గ్రహణం చూశానట. అందుకే వీడిలా పుట్టాడని మా అత్తగారింట్లో అంటున్నారు. నజర్ దించారు, తావీజులు కట్టారు. రెండేళ్లయింది. తప్పు నాదేనా?” అని అడిగింది. మా వద్ద సమాధానం లేకపోయింది.

పిల్లల వైద్యునిగా పనిచేస్తున్న మా పాత విద్యార్థి ఒకరు బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు తీసుకువెళ్లమన్నారు. బుద్ధిమాంద్యం గల వారికోసం 1984లో నెలకొల్పిన సంస్థ అది. తండ్రితోపాటు మేమూ వెళ్లాము. వారు ఒక పత్రం ముందుంచుకుని, పిల్లవాడిని గమనిస్తూ ప్రశ్నలడిగారు. ఎదుటివారి కళ్లలోకి చూస్తాడా? విన్న మాటనే తిరిగి పలుకుతాడా? శబ్దాలకు బెదురుతాడా? అలవాటు మారితే తట్టుకోలేడా? అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉందా? మేము బెత్తంతో దిద్దబోయిన ప్రతి ‘తప్పూ’ ఆ పత్రంలో ఉంది.

ఆటిజాన్ని కొలిచే ఆ భారతీయ కొలమానాన్ని రూపొందించినది ఆ సంస్థ పరిశోధకులే. అందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్లు పరిగణిస్తారు. మార్కులు పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువన్నమాట. వికలత్వ ధ్రువపత్రానికీ ప్రభుత్వం ఈ కొలమానాన్నే గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది.

ఇది అరుదైన విషయం కాదు. డాక్టర్ నరేంద్ర కుమార్ అరోరా నాయకత్వంలోని పరిశోధకులు దేశంలో ఐదు ప్రాంతాలను ఎంచుకుని, 2 నుండి 9 ఏళ్ల మధ్య వయసున్న 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఐదింటిలో హైదరాబాదు ఒకటి. చూపు, వినికిడి, మూర్ఛ, బుద్ధి వికాసం వంటివాటిలో కనీసం ఒక లోపమున్న పిల్లలు దాదాపు నూటికి 12 మంది. ఆటిజం సుమారు నూటికి ఒకరికి. ఆ లెక్కన మా వద్ద ‘మొద్దు’ అనిపించుకుని చదువు మానేసిన పిల్లలెందరో! వారి ముఖాలు ఇప్పటికీ గుర్తుకొస్తుంటాయి.

ఇక ఆ తల్లి ప్రశ్న. ఇటువంటి లోపాలన్నిటికీ కలిపి ఆ పరిశోధకులు గుర్తించిన ముప్పులు ఇవి: ఇంటివద్ద ప్రసవం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టడం, మెదడుకు సోకే జబ్బులు, ఎదుగుదల లోపం. గ్రహణం ఆ జాబితాలో లేదు. తల్లిని నిందించడం మన గల్లీలకే పరిమితమని కూడా అనుకోరాదు. లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను వర్ణించిన తరువాత, తల్లుల నిరాదరణే కారణమని పాశ్చాత్య పండితులు ఎన్నో ఏళ్లు నమ్మారు. అటువంటి పిల్లవాడికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఆ వాదాన్ని ఖండిస్తూ గ్రంథం రాశారు. ఇదంతా ఆ తల్లికి, ఆమె అత్తగారి సమక్షంలోనే వివరించాము.

దుఆ మానమని మేము చెప్పము. చికిత్స చేయించుకోవడం కూడా దైవప్రవక్త (స) బోధించినదే. ఏడాది నిండినా పేరుకు స్పందించకపోయినా, ఏడాదిన్నరకు వేలితో చూపించకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా వైద్యునికి చూపండి. వినికిడి పరీక్ష తప్పక చేయించండి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. స్పీచ్ థెరపీ, ఇంటిలో తల్లిదండ్రులు ఓర్పుతో ఇచ్చే శిక్షణ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

ఆ బాలుడు ఇప్పుడు దాహమైతే గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి మా చేతిలో పెడతాడు. అజాన్ వేళ చెవులు మూసుకోవడం మాత్రం మానలేదు. మైకు దిశ కొంచెం మార్చమని మసీదు కమిటీని అడిగాము. ఇంకా నిర్ణయం కాలేదు.