ఫ్రీగా దొరికిందే... కానీ షరతులున్నాయి!

ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకి అఆలు నేర్పే చిన్న యాప్ ఒకటి చేసి అమ్ముదామని మీలో ఎంతమందికి ఉందో! "ఫాంటూ ఫ్రీ, కోడూ ఫ్రీ, ఇంక ఖర్చేముంది?" అనుకుంటాం. ఖర్చు లేని మాట నిజమే. కానీ వాటిని వాడుకున్నామంటే, వాటి షరతులకి ఒప్పుకున్నట్టే.

ముందు ఫాంటు సంగతి చూద్దాం. మండలి, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లను అందరికీ అందించింది ఇక్కడి సిలికానాంధ్ర వాళ్లే. వాటికి ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది. మీ యాప్‌లో పెట్టి నిక్షేపంగా అమ్ముకోవచ్చు. ఫాంటును విడిగా మాత్రం అమ్మకూడదు. దాని కాపీరైట్ నోటీసు, లైసెన్స్ యాప్‌తోపాటే ఉండాలి. అదే ఫాంటుతో శుభలేఖలో, పుస్తకాలో వేసి అమ్మితే వాటికి ఈ షరతులు వర్తించవు.

ఇక కోడ్. ఎంఐటీ లైసెన్స్ అయితే, నోటీసు తీసేయకుండా ఉంచితే చాలు. జీపీఎల్ అయితే జాగ్రత్త! ఆ కోడ్‌ని మీ కోడ్‌తో కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా అమ్మితే, కొన్నవాళ్లకి మీరు రాసిన భాగంతో సహా సోర్స్ కోడ్ అందేలా చేయాలి. జీపీఎల్ అమ్ముకోవద్దనదు, దాచుకోవద్దంటుంది.

"మన చిన్న వ్యాపారాన్ని ఎవరు పట్టించుకుంటారులే" అంటారా? అయితే బొమ్మ రైళ్ల కేసు గురించి వినండి. రాబర్ట్ జేకబ్సన్, ఆయన తోటివాళ్లు బొమ్మ రైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చారు. మ్యాథ్యూ కాట్జర్ కంపెనీ అందులోని ఫైళ్లను, రాసినవాళ్ల పేర్లు లేకుండా తన ప్రాడక్ట్‌లో వాడుకుంది. కింది కోర్టు జేకబ్సన్ కోరిన ఉత్తర్వు ఇవ్వలేదు. కానీ 2008 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఉచితంగా ఇచ్చినదైనా షరతులు తప్పితే కాపీరైట్ ఉల్లంఘన కావచ్చని తేల్చింది. 2010లో రాజీ కుదిరి, జేకబ్సన్‌కి లక్ష డాలర్లు చెల్లించడానికి కాట్జర్ ఒప్పుకోవాల్సి వచ్చింది.

అందుకే మొదటి రోజే ఒక పట్టిక రాసుకోండి: ఏం తీసుకున్నాం, ఎక్కడినుంచి, ఏ లైసెన్స్. కోడ్ రాసేది మీవారైనా, మీ అబ్బాయైనా మొహమాటపడకుండా అడగండి, "ఇది ఎక్కడినుంచి తెచ్చావు?" అని. యాప్‌లో 'లైసెన్సులు' అని ఒక పేజీ పెట్టండి. జీపీఎల్ కనిపిస్తే, అమ్మకానికి పెట్టకముందే ఒకసారి లాయర్‌ని అడగండి.

పక్కింటివాళ్లు గిన్నెలో కూర పంపితే ఖాళీ గిన్నె తిరిగి పంపం కదా. ఇదీ అంతే!